ఫ్లాపీ మీద బొట్టు

రా అమ్మీ, దగ్గరికి రా. ఆ టీవీ గొంతు కాస్త తగ్గించి ఇట్లా నా మోకాలి పక్కకు జరుగు, ఇది గట్టిగా చెప్పే కథ కాదు. ఒక మనిషి నోరు మూసుకుని కూర్చున్న గంటసేపటి కథ. బయట ఏమీ జరగలేదు, కరెంటు పోయింది, కరెంటు వచ్చింది, అంతే. లోపల జరిగిందే నీకు చెప్పాలి. ఈ అవ్వకు మిషన్ల సంగతి ఏం తెలుసని నవ్వుతావేమో, నవ్వుకో. మిషను సంగతి తెలిసినంత మటుకే చెబుతాను. మనసు సంగతి మటుకు నీకంటే నాలుగు ముద్దలు ఎక్కువే తిన్నాను.

కరెంటు పోయేసరికి కుర్చీలో ప్రసూనాంబ ఉంది, బెంచీ మీద పంకజాక్షి ఉంది. ఈ ఒక్క ముక్కలోనే కథంతా ఉందనుకో. ఫ్యాను రెక్కలు తిరిగి తిరిగి, ఇంక మా వల్ల కాదన్నట్టు నిలబడిపోయాయి. ఏసీ గురక ఆగిపోయింది. మిషను గాజుముఖం మీద అప్పుడే వెలిగిన పచ్చచుక్క చటుక్కున లోపలికి పోయింది. "పాయె," అన్నాడు కంపెనీ యజమాని దామోదరం, గోడ మీద చెయ్యి పెట్టి. "విజయదశమి పూట గూడా వదల్రే వీళ్ళు. గంటలో వస్తాదిలే, కూచోండి." ఫ్లాపీ ఇంకా మిషన్లో పెట్టలేదు. ప్రసూనాంబ ఒడిలో ఫ్లాపీల డబ్బా ఉంది, డబ్బా మూత మీద ఆమె వేళ్ళు ఉన్నాయి. పంకజాక్షి కళ్ళు ఆ వేళ్ళ మీద ఉన్నాయి. ఆ డబ్బాలో ముందు వరసలో ఉన్న రెండు ఫ్లాపీలకు గంధం, కుంకుమ అంటుకుని ఉన్నాయని ఆ గదిలో తెలిసింది పంకజాక్షి ఒక్కదానికే. కరెంటు వచ్చేలోపల చెప్పాలి. లేదా చెప్పకుండా ఉండాలి.

ఫ్లాపీ అంటే నువ్వు చూసి ఉండవు. అరచేతి కంటే కాస్త పెద్దది, నల్లటి పలుచని అట్ట, తెల్ల కాగితం తొడుగులో పెట్టి ఉంటుంది. అట్టకు కింది భాగాన కనురెప్పంత సందు ఉంటుంది, ఆ సందులోంచి లోపలి గోధుమరంగు పళ్ళెం మెరుస్తూ కనిపిస్తుంది. మిషను చదువుకునేది ఆ సందులోంచే. పంకజాక్షి పనిలో చేరిన మొదటి రోజే దామోదరం చెప్పాడు, "ఆ సందులో ఏలు పెడితే కంట్లో ఏలు పెట్టినట్టే మా, ఫ్లాపీ పాడవుతాది, దాన్ని పెట్టిన మిషనూ పాడవుతాది, మెద్రాసు నుంచి మనిషి రావాల బాగు చేసేదానికి," అని. ఆ మాట ఆమె ఎప్పుడు మర్చిపోయింది? ఎప్పుడూ మర్చిపోలేదు. అదే కదా ఇప్పుడు లోపల కుడుతున్నది.

కంపెనీ అంటే ఎంతో అనుకునేవు. తిరుపతి రైల్వే స్టేషనుకు దగ్గర్లో, ఒక లాడ్జీని ఆనుకున్న మేడ మీద రెండు గదులు. బయటి గదిలో బెంచీ, టెలిఫోను, నీళ్ళ కుండ. లోపలి గదికి అద్దం తలుపు, అందులో ఏసీ, ఆ చల్లదనంలో పెళ్ళికూతురు మాదిరి ముసుగేసుకుని మిషను. చెప్పులు తలుపు బయటే విడవాలి. కొండ దిగి వచ్చిన యాత్రికులు, గుండ్ల మీద గంధం ఇంకా ఆరకముందే, లాడ్జీ అనుకుని మెట్లెక్కి వచ్చి రూములున్నాయా అని అడిగేవారు. కొందరైతే ఆ చెప్పుల వరస చూసి, లోపల చీకట్లో మెరిసే పచ్చచుక్క చూసి, ఏ దేవుడోనని దండం పెట్టుకుని దిగిపోయేవారు. దామోదరం శ్రీహరికోటలో ఉద్యోగం వదులుకుని వచ్చి పెట్టిన కంపెనీ ఇది. రాకెట్టు చేయడానికి వెయ్యిమంది ఉన్నారు, మన పాలవాళ్ళకూ నూలు అంగళ్ళవాళ్ళకూ పని చేసిపెట్టేవాడు ఒక్కడూ లేడని అనేవాడు. ఆ మాట విన్న రోజు పంకజాక్షికి ఎంత ముచ్చటేసిందో. అప్పుడు ఆ గదిలో మనుషులు ఇద్దరే, కుర్చీలు రెండు. మిషనుకు ముసుగు కుట్టింది ఆమె, తన ఊరు నగరిలో ఇంటి మగ్గం మీద నేసిన తెల్ల గుడ్డతో, అంచుకు ఎర్ర దారం వేసి. పొద్దున్నే ముసుగు తీసేది ఆమె, సాయంత్రం వేసేది ఆమె. మిషను మీద దుమ్ము ఎక్కడ వాలుతుందో, ఏ బొత్తాము కాస్త గట్టిగా నొక్కితే గానీ పలకదో, ఎండాకాలం మధ్యాహ్నం పూట ఎంతసేపటికి వేడెక్కి అలుగుతుందో ఆమెకు తెలుసు. మొగుడి అలవాట్లు తెలిసినట్టు తెలుసు.

అప్పుడు వచ్చింది ప్రసూనాంబ. చిత్తూరులో బెల్లం మండీ వాళ్ళ అమ్మాయి, మెద్రాసులో కంప్యూటరు చదువు చదివి వచ్చింది. గడియారం ముఖం మణికట్టు లోపలి వైపుకు తిప్పి కట్టుకునేది, టైము చూసినప్పుడల్లా తన అరచెయ్యి తానే చదువుకుంటున్నట్టు. నీకు చిన్నదనిపించవచ్చు. పంకజాక్షి ఇంటికి పోయి, తన గడియారాన్ని కూడా అట్లా తిప్పి పెట్టుకుని చూసుకుని, సిగ్గేసి మళ్ళీ ఎప్పటిలాగే పెట్టుకుంది. ప్రసూనాంబ వచ్చిన రెండో వారంలో నూలు అంగడివాళ్ళు వస్తే కూర్చోవడానికి చోటు చాల్లేదని ఒక కుర్చీ బయటి గదికి పోయింది. కుర్చీతోపాటు పంకజాక్షి కూడా బయటికి పోయింది. ఎవరూ పొమ్మనలేదు. దామోదరం ఆమెను "ఏం మా పంకజా" అనేవాడు, ప్రసూనాంబను "ప్రసూన గారూ" అనేవాడు. గారూ! అంత చిన్న మాట, చెవిలో దూరిన చీమ మాదిరి ఎంతసేపు తిరుగుతుందో చూడు. వేగంగా టైపు కొట్టేది ఎవరు? పుత్తూరు టైపు ఇన్‌స్టిట్యూటులో అందరికంటే ముందు పాసయింది ఎవరు? ప్రసూనాంబ కొట్టేది మెల్లగానే. కానీ కొట్టిన తరువాత ఆఖరి బొత్తామును చిటికెన వేలితో, చారులో ఉప్పు చూసి చాల్లే అన్నట్టు, ఇట్లా మీటేది. ఆ మీటడం పంకజాక్షికి రాదు. ఎన్నిసార్లు మీటినా అది మీటినట్టు ఉండదు, నొక్కినట్టే ఉంటుంది.

చెమట పడుతున్నది. అద్దం తలుపు గాలికోసం తెరిచి పెట్టారు. లోపలా బయటా ఒకటే గదయింది. బయటి కుర్చీలో పలమనేరు పరంధామయ్య కూర్చుని పైపంచెతో విసురుకుంటున్నాడు. పాల డెయిరీ ఆయనది, చల్లటి ఊరు మనిషి, తిరుపతి ఉక్కకు పాపం ముఖమంతా నీళ్ళు కారుతున్నది. మంచి పని విజయదశమి నాడు మొదలుపెట్టాలని మొదటి బస్సుకే వచ్చాడు. డెయిరీకి పాలు పోసే రైతులకు రోజూ చీటీ ఇవ్వాలి, ఎన్ని పాలు పోసిందీ, అందులో వెన్న ఎంత ఉన్నదీ. ఆ చీటీలను మిషను తెలుగులో అచ్చు వేసి ఇస్తుందంటేనే నమ్మలేక, కళ్ళతో చూస్తానని వచ్చాడు. ఆయన చూసి తల ఊపితే పని కంపెనీది. అప్పుడు ఒకరు పలమనేరు పోయి మిషను పెట్టి వాళ్ళకు నేర్పించి రావాలి. ఆ ఒకరు ఎవరో దామోదరం ముందే చెప్పేశాడు, ప్రసూన గారు. మరి రెండో మనిషి? "ఫోనూ, బిల్లులూ నువ్వు చూసుకో మా, అవి గూడా ముఖ్యమే," అన్నాడు. గూడా. గారూ ఒక చీమ, గూడా ఒక చీమ.

అయినా నిన్న చేసింది తెలిసి చేసిందా? ఈ మాట దగ్గరికి ఆమె మనసు వస్తుంది, వచ్చి పక్కకు తిరిగిపోతుంది, కుక్క కర్రను చూసి తిరిగినట్టు. నిన్న ఆయుధ పూజ. ప్రసూనాంబ చిత్తూరు పోయింది, మండీలో తక్కెళ్ళకు పూజ ఉంటుందని. దామోదరం వాళ్ళమ్మ శకుంతలమ్మ ఇంటి నుంచి పళ్ళెంలో గంధం కలుపుకుని వచ్చింది. ఎంత భక్తి ఆ ముసలామెకు! మిషను నుదుట పెట్టింది, బొత్తాముల పలక మీద పెట్టింది, అచ్చు మిషనుకు, ఏసీకి, టెలిఫోనుకు, ఆఖరికి నీళ్ళ కుండకు కూడా పెట్టింది. దామోదరం గుమ్మడికాయ పగలగొట్టేదానికి కిందికి దిగాడు. "ఇంకేముండాయి మా పనిముట్లు? ఒకటి మర్చిపోతే అలుగుతాది," అంది ముసలామె. పంకజాక్షి చేతులు డబ్బా మూత తీశాయి. చేతులే తీశాయి. పలమనేరు పని ఉన్న ఫ్లాపీ ఒకటి, దాని నకలు ఒకటి, రెండూ తొడుగుల్లోంచి బయటికి వచ్చాయి. "ఇదో, ఇవీ ఉండాయి అవ్వా." ముసలామె ఆ నల్లటి అట్టను తమలపాకు పట్టుకున్నట్టు పట్టుకుని, బొట్టుకు చోటెక్కడని తిప్పి తిప్పి చూసింది. అంత నలుపులో మెరిసేది ఆ సందు ఒక్కటే. నుదురు మాదిరి ఉంది. ఉంగరం వేలితో గంధం అక్కడే పెట్టింది, దాని మీద కుంకుమ అద్దింది. వెనక్కి తిప్పి వెనక కూడా. పంకజాక్షి నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి "చాలు అవ్వా" అన్న మాట వచ్చింది గానీ "వద్దు అవ్వా" అన్నది రాలేదు. ఆరిన తరువాత తొడుగుల్లో పెట్టేసింది. తొడుగు సరిగ్గా ఆ సందును కప్పేస్తుంది. ఇంక ఎవరికీ కనిపించదు.

అప్పటికప్పుడు తుడిచేయవచ్చు కదా? పూజకు పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా తాకకూడదు. ఇది నగరి ఆచారం, అరవదేశం పక్కన ఉన్న ఊళ్ళన్నిట్లో ఉంది. ఎంత బాగా పనికొచ్చింది ఆ ఆచారం నిన్న సాయంత్రం! తాకకూడదు, తాకలేదు, భక్తి. ఇంటికి పోయే రైల్లో కిటికీ పక్కన కూర్చుని రేణిగుంట దాకా అదే అనుకుంది. పుత్తూరు దాటే సరికి, పొద్దున్నే వచ్చి తుడిచేస్తే సరి అనుకుంది. గుడ్డతో తుడిస్తే ఆ పళ్ళెం ఇంకా గీసుకుపోతుందని తెలుసు, అయినా అనుకుంది. పొద్దున వచ్చేసరికి ప్రసూనాంబ ముందే వచ్చి, కుర్చీలో కూర్చుని, డబ్బా ఒడిలో పెట్టుకుని ఉంది. తలలో కనకాంబరాలు. "వచ్చినావా అక్కా? నీకని మా మండీ బెల్లం తెచ్చినా," అంది. ఆ బెల్లం పొట్లం ఇప్పుడు పంకజాక్షి సంచిలోనే ఉంది. చెడ్డదై ఉంటే ఎంత బాగుండేది ఆ పిల్ల! మధ్యాహ్నం పంకజాక్షి రాగి సంగటి ముద్ద తీస్తే, "నాకింత పెట్టక్కా," అని తన పులిహోర డబ్బా ఇటు తోసేది. సంగటిని నమిలేది, మింగడం తెలియక, పళ్ళకు అంటుకుపోతే నవ్వేది. అట్లాంటి దాన్ని ద్వేషించాలంటే ఎంత కష్టపడాలో తెలుసా అమ్మీ? ప్రతి రోజూ పొద్దున్నే లేచి కొత్తగా మొదలుపెట్టాలి.

"ఏం మా, ఈ చీటీ నిజంగా మిషనే వేసిందా?" పరంధామయ్య జేబులోంచి కాగితం తీశాడు. పోయిన నెల నమూనాకని పంపిన చీటీ, మడతలు పడి చెమటకు మెత్తబడింది. చుక్క చుక్క కలిసి అక్షరాలు. "మా ఊరోళ్ళకి ఇంగిలీసు చీటీ ఇస్తే ఆవుకు గూడా పనికి రాదు. ఇదైతే మా ముసలోళ్ళు గూడా సదివేసిరి. అబ్బా, ఆ రాత సూడు, రాసినట్టే ఉండాది. ఎవురు చేసింది?"

పంకజాక్షి బెంచీ మీద ముందుకు జరిగింది. ఆ అక్షరాలు ఆమెవి. అప్పట్లో మిషనుకు తెలుగు రాదు. ఒక్కొక్క అక్షరానికి ఏ చుక్క నల్లగా ఉండాలో, ఏది ఖాళీగా ఉండాలో మనిషే గీసి చూపించాలి. నగరిలో చీర అంచుకు పువ్వు దిగాలన్నా అంతే, గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గడి గడి నింపుకుంటూ పోవాలి. నాయన మునిస్వామి పక్కన చాప మీద పడుకుని చిన్నప్పటి నుంచి హంసలు నింపింది, మామిడి పిందెలు నింపింది. ఇక్కడ ఆ చేత్తోనే అక్షరాలు నింపింది. రైల్లో నింపింది, బెంచీ మీద నింపింది. గుండ్రటి తెలుగు ఆ గళ్ళలో ఇమడక చచ్చేది. క మీద తలకట్టు కొట్టుకుపోయేది, ఒత్తులు కింది వరసలో పడి పోట్లాడుకునేవి. క్ష ఒక్కటి చేయడానికి ఎంత కాగితం చింపిందో! తన పేరులో ఉంది కదా అది, అందుకని దానికి తోక కాస్త ఎక్కువ వంపు పెట్టింది. ఎవరూ కనిపెట్టలేదు. మిషన్లోకి ఎక్కించడం ప్రసూనాంబ పని.

"ఆ అక్క చేసిందండి," అంది ప్రసూనాంబ కుర్చీలో వెనక్కి తిరిగి, నవ్వుతూ. "నేను మిషన్లోకి ఎక్కించినా, అంతే."

పరంధామయ్య ఇటు తిరిగి చేతులు జోడించాడు. "సల్లగుండు తల్లీ."

ఇంక ఎవరైనా కరిగిపోతారు అనుకుంటావు కదూ? కరగలేదు. మంట ఇంకా లేచింది. తనది తనకు తీసి ఇస్తున్నది, అదీ కుర్చీలో కూర్చుని, అదీ నవ్వుతూ. 'నేను చేసినా' అని తను చెప్పుకోవలసిన మాటను ఆ పిల్ల 'ఆ అక్క చేసింది' అని మార్చి, పండగనాడు ఇంటి ముందుకు వచ్చినవాళ్ళకు చేటతో గింజలు పోసినట్టు పోసింది. అబద్ధం చెప్పి ఉంటే, నేనే చేశానని ఉంటే, అప్పుడు హాయిగా ఉండేది. అప్పుడు కరెంటు రానీ, ఆ ఫ్లాపీ పోనీ లోపలికి, ఆ మిషను గరగరమని గొంతు పట్టుకుని చావనీ అనుకుని చల్లగా కూర్చునేది. ఆ పిల్ల చేసేది ఎట్లాగూ చూస్తున్నాం కదా రోజూ. తొడుగులోంచి ఫ్లాపీని లాగడం, అటు చూడకుండానే మిషను నోట్లోకి తోసేయడం, ఒకటే ఊపు, పేకముక్క వేసినట్టు. దామోదరం ఆ ఊపు చూసి ఒకసారి "భలే" అన్నాడు. ఆ ఊపే ఇవాళ ఆమె కొంప తీస్తుంది. ఎవరు పెట్టారు ఫ్లాపీ? ప్రసూన గారు. ఎవరి చేతుల్లో మిషను పోయింది? ప్రసూన గారి చేతుల్లో. ఇట్లా అనుకుంటూ ఉంటే లోపల ఒక తీపి, బెల్లం పాకం తీగ సాగినట్టు సాగుతున్నది. ఆ ఫ్లాపీలో ఉన్నది తన అక్షరాలే కదా? ఉండనీ. పోనీ. తనకు అందని కుర్చీ ముందు తన అక్షరాలు మాత్రం దేనికి?

కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది. కుండ మెడ మీద నిన్నటి బొట్టు ఇంకా ఉంది, తడికి కరిగి ఎర్రటి జీర ఒకటి కిందికి కారింది. ఆ జీర చూడగానే ఉయ్యాల కళ్ళ ముందుకు వచ్చింది. ఎక్కడి ఉయ్యాల, ఎప్పటి ఉయ్యాల! నగరి ఇంట్లో దూలానికి కట్టిన తెల్లచీర ఉయ్యాల. తనూ, తన తరువాత పుట్టిన తమ్ముళ్ళూ పెరిగింది అందులోనే. ఆ తెలుపు మధ్యలో మూరెడు పొడుగున గులాబీరంగు మరక. ఇదేందమ్మా అని అడిగితే, "మీ పెద్దమ్మ పెట్టిన బొట్టు," అని అమ్మ నోరు మూసుకునేది. పెద్దయ్యాక గానీ సంగతి తెలియలేదు. ఇంట్లో రెండు మగ్గాలు, పెదనాయనది ఒకటి, నాయనది ఒకటి. తను పుట్టకముందు ఒక ఏడు పెళ్ళికి తెల్ల మధుపర్కం చీర పని ఒకటి వస్తే తాత దాన్ని నాయనకు ఇచ్చాడు. ఆయుధ పూజ మర్నాడు మగ్గం మీద మనిషి కూర్చోకముందే ఇంటి ఆడది తడిగుడ్డతో, దారం మోస్తూ అటూ ఇటూ పోయే నాడె మీది బొట్టు తుడవాలి, లేకపోతే దారంతోపాటు కుంకుమ పడుగులోకి దిగుతుంది. ఆ పొద్దు తుడిచే వంతు పెద్దమ్మ మునిరత్నమ్మది. మొగుడి నాడె తుడిచింది. మరిది నాడె తుడవలేదు. నాయన కళ్ళు నలుపుకుంటూ వచ్చి కూర్చుని నాడె విసిరాడు. మూరెడు నేసే దాకా చూసుకోలేదు.

ఎవరూ ఒక్క మాట అనలేదట. ఆ చీర అంగడికి పోలేదు, దూలానికి ఎక్కింది. అంతవరకే పంకజాక్షికి ఎప్పుడూ గుర్తుండేది, ఆ కథలో పెద్దమ్మ ఎంత కుళ్ళుబోతుదో అన్నదొక్కటే. కానీ ఇవాళ, ఈ ఉక్కలో, చేతిలో ఖాళీ చెంబుతో నిలబడి, ఇంకొకటి గుర్తుకు వచ్చింది. ఆ ఉయ్యాలను ఊపింది ఎవరు? అమ్మ ఆసు పోసుకునేది, నూలు చుట్టేది. పిల్లలు ఏడిస్తే ఊపింది పెద్దమ్మే. తాడు పట్టుకుని, గోడకు ఆనుకుని, ఏళ్ళ తరబడి. ఊపినప్పుడల్లా ఆ మరక ఆమె ముక్కు దాకా వచ్చి వెనక్కి పోయేది, వచ్చి వెనక్కి పోయేది. ఆమె ఏం చూసేది? పాట పాడేది కాదు పెద్దమ్మ, అందరూ పాడతారు ఉయ్యాల ఊపితే, ఆమె పాడేది కాదు. ఎందుకు పాడదో అని చిన్నప్పుడు అనుకునేది పంకజాక్షి. ఇప్పుడు తెలిసినట్టే ఉంది, తెలియనట్టూ ఉంది. పలమనేరు పాల చీటీల మీద క్ష ఎక్కడైనా కనిపిస్తే, వంపు తోకతో, తనకు ఎట్లా ఉంటుంది? ఎక్కడా కనిపించకపోతే ఎట్లా ఉంటుంది?

"సార్, రూములుండాయా?" మెట్ల దగ్గర నుంచి గొంతు. ముగ్గురు గుండ్లవాళ్ళు, గంధం కారి చెవుల మీదికి వచ్చింది, చంకలో మూటలు. పంకజాక్షి అలవాటుగా చెయ్యి పక్కకు చూపించింది. "లాడ్జీ ఆ పక్క మెట్లు." ఒక ముసలాయన కదలడు. లోపలి గదిలోకి తొంగి చూసి, బొట్టుపెట్టుకున్న మిషనును చూసి, "ఈడ ఏం సామి?" అని అడిగాడు. పరంధామయ్యకు నవ్వాగలేదు. "పాలసామి అప్పా! దండం పెట్టుకో, నీ గేదె పాలిస్తాది." అందరూ నవ్వారు. దామోదరం నవ్వాడు, ప్రసూనాంబ డబ్బా మీద తల పెట్టి మరీ నవ్వింది. పంకజాక్షికి కూడా నవ్వు వచ్చింది, వస్తూ వస్తూ గొంతులోనే ఇరుక్కుంది. ఎందుకంటే పైన ఫ్యాను కీచుమంది.

ఒక రెక్క కదిలింది, దాని వెంబడి ఇంకొకటి. ట్యూబులైటు రెండు సార్లు కళ్ళార్పి వెలిగింది. ఏసీ గొంతు సవరించుకుంది. "అమ్మయ్య! కానీండి ప్రసూన గారూ," అన్నాడు దామోదరం. పరంధామయ్య లేచి, చెప్పులు విడిచి, పంచె సర్దుకుని లోపలికి వచ్చాడు. డబ్బా మూత లేచింది. వేళ్ళు ముందు వరసలోకి దిగాయి. తొడుగు ఇటు, ఫ్లాపీ అటు, చూపు పరంధామయ్య వైపు, చెయ్యి మిషను నోటి వైపు, అదే ఊపు, ఎంత అందంగా ఉందో పాడుది!

"ఆగు!"

రైలు పట్టాల మీదికి పోయే బిడ్డను పిలిచినట్టు వచ్చింది ఆ కేక. తనదేనా ఆ గొంతు అనుకుంది పంకజాక్షి. చెంబు కింద పడి దొర్లుకుంటూ బెంచీ కిందికి పోయింది. "పెట్టొద్దు ప్రసూనా. దానికి బొట్టుండాది."

ప్రసూనాంబ ఫ్లాపీని లైటు కిందికి తెచ్చి చూసింది. సందు నిండా ఎండిన గంధం, మధ్యలో ఎర్రగా. తిప్పింది. వెనక కూడా. రెండోది తీసింది. అదీ అంతే. దామోదరం ముఖం గోడ సున్నం మాదిరి అయింది. "ఎవురు పెట్టింది ఇది?"

"అవ్వ పెట్టింది సార్. తీసిచ్చింది నేను."

"నీకు తెలుసు గదా మా, ఆడ తాకకూడదని?"

"తెలుసు సార్."

దామోదరం బెంచీ మీద కూలబడ్డాడు. పరంధామయ్య ఒక్కొక్కరి ముఖం చూసి, "బొట్టు పెడితే మంచిదే గదప్పా, దానికెందుకట్ల మొగాలు ఏలాడేసుకుంటారు?" అన్నాడు. సంగతి చెప్పాక కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మిషను బాగుండాది గదా? అంతే సాలు. నాకు సాయంత్రం దాకా బస్సుండాది. విజయదశమి పొద్దుగూకేదాకా విజయదశమే. నేనట్లా గోవిందరాజసామిని సూసుకోని వస్తా." పోతూ పోతూ సంచిలోంచి పాలకోవా ఆకు పొట్లం తీసి బల్ల మీద పెట్టి పోయాడు.

పనికి పాత నకలు ఒకటి దామోదరం ఇంట్లో బీరువాలో ఉంది, దానికోసం ఆయన సైకిలెక్కాడు. పంకజాక్షిని ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. కానీ ఆ పాత నకలులో అక్షరాలు లేవు, అవి ఎక్కించింది తరువాత. గళ్ళ కాగితాలు మటుకు పంకజాక్షి సంచి అడుగున చుట్టి ఉన్నాయి, బెల్లం పొట్లం కింద. అవి బయటికి తీస్తుంటే ప్రసూనాంబ లేచింది. కుర్చీని ఇటు తోస్తుందేమో, 'కూచో అక్కా' అంటుందేమో, అదీ దానమే అవుతుందే అని పంకజాక్షి కాగితాల చుట్టను గట్టిగా పట్టుకుంది. ప్రసూనాంబ కుర్చీని మూలకు తన్నింది. బయటికి పోయి బెంచీ ఒక కొస పట్టుకుంది. "ఆ పక్క పట్టు. ఒకరు చదవాల, ఒకరు కొట్టాల. కుర్చీలో ఇద్దరం పట్టం."

బెంచీ లోపలికి వచ్చింది. మోచేతులు తగులుతున్నాయి. అ నుంచి మొదలుపెట్టారు. పంకజాక్షి గడి గడి వేలు పెట్టి చదువుతున్నది, నలుపు, నలుపు, ఖాళీ, నలుపు. మగ్గం కింద కాళ్ళతో తొక్కుడు పలకలు మార్చినట్టు ఒక లయ వచ్చింది కాసేపటికి. ఆ పిల్ల వేళ్ళు పరిగెత్తుతున్నాయి, వరస అయిపోగానే చిటికెన వేలు మీటుతున్నది. ఆ మీటు మీద ఇంకా కుళ్ళు పోలేదు పంకజాక్షికి. పోతుందనుకుంది, చెప్పేశాక పోతుందనుకుంది. పోలేదు. కనకాంబరాల మీద కూడా పోలేదు. బయట ఎవరో రూముల కోసం వచ్చి, చెప్పులు చూసి, దండం పెట్టుకుని పోయారు. ఇద్దరూ తల తిప్పలేదు. చివరి కాగితాల దగ్గర క్ష వచ్చింది. ప్రసూనాంబ చెయ్యి ఆగింది.

"దీని తోక అన్నిటికంటే వంపు ఎక్కువ పెట్టినావు గదక్కా," అంది, తెర మీది నుంచి చూపు తిప్పకుండా. పోయిన సారి ఎక్కించినప్పుడే కనిపెట్టిందన్నమాట. కనిపెట్టి ఊరుకుందన్నమాట. కొంచెం ఆగి, ఇంకా చిన్న గొంతుతో, "బొట్టు సంగతి నీకు నిన్నటి నుంచి తెలుసు గదా?" అంది.

"తెలుసు."

"నేనైతే చెప్పుండను." మళ్ళీ తెర వైపే. "నువ్వు ఈ అక్షరాలు రైల్లో కూచోని చేసుకొస్తావు. నేను మెద్రాసులో అంత చదివి, నువ్వు గీసిందాన్ని ఎక్కిస్తా కూచుంటా. నీ చోట్లో నేనుంటే చెప్పుండను. చదువు, తరువాత ఏముండాది?"

కాగితం మీద పంకజాక్షి వేలు గడి తప్పింది. ఎంత సులువుగా అనేసింది! తను గంటసేపు చెమటలు కక్కి, పెద్దమ్మను సగం నిద్రలోంచి లేపినట్టు లేపి, చెంబు పడేసి గానీ తేలేకపోయిన నిజాన్ని ఈ పిల్ల కూర్చున్న చోటనే, వేళ్ళు బొత్తాముల మీద ఉండగానే, ఒక్క మీటుతో మీటేసింది. ఆ నిజాయితీ మీద కూడా ఆమెకు కుళ్ళు పుట్టింది అమ్మీ, ఏం చెప్పమంటావు! కుళ్ళు పుట్టి, నవ్వు కూడా వచ్చింది, ఈసారి గొంతులో ఇరుక్కోలేదు. ఆకు పొట్లం విప్పి కోవా ముక్క తుంచి ఆ పిల్ల నోటి దగ్గర పెట్టింది, చేతులు ఖాళీ లేవు కదా దానికి. "నలుపు," అంది. "ఖాళీ. నలుపు. నలుపు."

పొద్దుగూకే లోపల చీటీ వచ్చింది. పలమనేరుకు ప్రసూనాంబే పోయింది. అయిందా? ఇదీ కథ. ఇది గుర్తుపెట్టుకో అమ్మీ, నీ బిడ్డలకు చెప్పు, నీతో పనిచేసేవాళ్ళకూ చెప్పు, మిషన్ల ముందు కూర్చునేదానివి కదా నువ్వు. కానీ చెప్పేటప్పుడు పంకజాక్షి మంచిది, చెప్పేసింది అని మటుకు గబగబా ముగించేయవద్దు. ఆ గంటసేపు ఊరుకుంది చూడు, అది కూడా చెప్పు. తోక వంపు చెప్పు. ఉయ్యాల ఊపుతూ పాట పాడని ఆ పెద్దమ్మను మటుకు మర్చిపోవద్దు, ఆమెను గుర్తుపెట్టుకునేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు.